ఎమర్సన్, థోరో వ్యాసాల నుంచి ఉన్నతస్థాయి ఆంగ్ల పదసంపద: ఒక సమగ్ర మార్గదర్శి

జీఆర్‌ఈ, క్యాట్ వంటి పరీక్షలకు చదివేవారిలో చాలామంది ఆంగ్ల పదాలను జాబితాల నుంచి బట్టీ పడతారు. వందల పదాలు అలా తలకెక్కించుకున్నా, ఒక పదం పొగడ్తగా వస్తుందో తెగడ్తగా వస్తుందో, దాని వెంట ఏ క్రియారూపం రావాలో, ఏ మాటల సరసన అది ఇముడుతుందో తెలియకపోవడం వల్ల, తీరా రాయవలసి వచ్చినప్పుడు అది కలానికి అందదు. 2011లో జీఆర్‌ఈని సంస్కరించినప్పుడు వ్యతిరేక పదాల ప్రశ్నలను తొలగించి, వాక్యంలోని ఖాళీలను సందర్భాన్ని బట్టి పూరించే ప్రశ్నలకు ప్రాధాన్యం ఇచ్చారు. కాబట్టి పరీక్ష దృష్టితో చూసినా పదాన్ని వాక్యంలోనే నేర్చుకోవడం మేలు. మంచి వాక్యాలు ఒకేచోట దట్టంగా దొరికే గ్రంథాలను ఎంచుకుంటే ఆ పని మరింత సులువవుతుంది.

అటువంటి వాటిలో నేను ముందుగా సూచించేవి అమెరికన్ అతీంద్రియవాదుల వ్యాసాలు. 1830ల నుంచి 1850ల దాకా మసాచుసెట్స్ రాష్ట్రంలో, ముఖ్యంగా బోస్టన్‌కు సమీపంలోని కాంకర్డ్ అనే చిన్న ఊరిలో, ట్రాన్సెండెంటలిజం అనే ఆలోచనాధార వర్ధిల్లింది. ఇంద్రియాలకు అందేదానినీ ఆచారం విధించేదానినీ మించిన సత్యాన్ని మనిషి తన అంతఃకరణంలోనే గుర్తించగలడన్నది ఆ ధార మూలవిశ్వాసం. రాల్ఫ్ వాల్డో ఎమర్సన్ (1803–1882), హెన్రీ డేవిడ్ థోరో (1817–1862), మార్గరెట్ ఫుల్లర్ (1810–1850) వారిలో ముఖ్యులు.

పదసంపద కోసం వీరినే చదవమనడానికి బలమైన కారణం ఉంది. ఎమర్సన్, థోరో ఇద్దరూ హార్వర్డ్‌లో లాటిన్, గ్రీకు చదువుకున్నవారు. అయినా వారి చూపు ఎప్పుడూ పొలం మీద, చెరువు మీద, ఇరుగుపొరుగు బతుకుల మీద ఉండేది. అందువల్ల వారి వాక్యాల్లో లాటిన్ నుంచి వచ్చిన బరువైన పదం పక్కనే ఇంట్లో వాడే తేలిక పదం ఉంటుంది, ఒకదాని అర్థాన్ని రెండవది వెలిగిస్తుంది. పైగా ఎమర్సన్ ఆలోచనల్లో చాలావరకు మొదట ఉపన్యాసాలుగా వేదికల మీద పుట్టాయి కనుక ఆయన వాక్యాలు చెవికి పట్టి నిలుస్తాయి. ఈ గ్రంథాలన్నింటికీ కాపీహక్కుల గడువు ఎప్పుడో తీరిపోయింది. ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ వంటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. ఆంగ్ల దినపత్రికలోని సంపాదకీయాన్ని పెద్దగా తడబడకుండా చదవగలిగినవారు ఈ మార్గంలో అడుగుపెట్టవచ్చు. ఇక్కడ చెప్పే ప్రతి ఉదాహరణకూ మూలాన్ని పక్కన తెరిచి పెట్టుకోండి.

మొదటి మెట్టు: ఏది ముందు, ఏది తరువాత

ఎమర్సన్ పేరు పెద్దది కాబట్టి ఆయనతోనే మొదలుపెట్టాలని అనిపిస్తుంది, కానీ నా సలహా థోరోతో ప్రారంభించడం. థోరో గొడ్డలి, చిక్కుడు చేను, మంచు కట్టిన చెరువు వంటి కంటికి కనిపించే వస్తువుల మీదుగా భావంలోకి వెళతాడు, కనుక తెలియని పదం ఎదురైనా దృశ్యం చేయూతనిస్తుంది. ఎమర్సన్ ఒక సూక్తి వెంట మరో సూక్తి చెప్పుకుంటూ పోతాడు. రెండింటి నడుమ ఉండవలసిన లంకెను పాఠకుడే కట్టుకోవాలి.

థోరో 1845 జూలై 4 నుంచి 1847 సెప్టెంబర్ 6 వరకు కాంకర్డ్ దగ్గరి వాల్డెన్ చెరువు ఒడ్డున, తాను కట్టుకున్న చిన్న ఇంట్లో నివసించి, ఆ అనుభవాన్ని 1854లో 'వాల్డెన్' పేరుతో ప్రచురించాడు. అందులోని రెండవ అధ్యాయం, అంటే తాను ఎక్కడ, ఎందుకోసం జీవించాడో చెప్పేది, మీ మొదటి పాఠం. దాని తరువాత 1849లో అచ్చయిన శాసనోల్లంఘన వ్యాసం (నేడు 'సివిల్ డిసొబీడియన్స్' పేరుతో దొరికేది) చదవండి. గాంధీజీ 1907లో దక్షిణాఫ్రికాలో తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రిక పాఠకులకు పరిచయం చేసిన వ్యాసం ఇదే. ఆపైన ఎమర్సన్ రాసిన 'సెల్ఫ్ రిలయన్స్' (1841), 1837 ఆగస్టులో చేసిన 'ది అమెరికన్ స్కాలర్' ప్రసంగం, 1836 నాటి 'నేచర్'లోని భాషాధ్యాయం. 'ది ఓవర్ సోల్', 'ఎక్స్‌పీరియన్స్' గొప్ప వ్యాసాలే అయినా పదాల కోసం వచ్చినవారు వాటిని చివరికి ఉంచుకోవడం మంచిది.

రెండవ మెట్టు: ఒక పేరా, మూడు పఠనాలు

ఒక విడతకు ఒక్క పేరా చాలు. మొదటిసారి నిఘంటువు ముట్టుకోకుండా, గొంతెత్తి చదవండి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిస్తే వాక్యంలో కర్త ఎవరో, క్రియ ఏదో సగం తెలిసినట్టే. రెండవసారి పెన్సిల్‌తో, తెలియని పదాలతో పాటు తెలిసినట్టే ఉండి ఆ చోట కుదరని పదాల కింద కూడా గీత గీయండి. ప్రతి పదానికీ సందర్భాన్ని బట్టి మీ ఊహను పక్కన రాయండి. మూడవసారి మాత్రమే నిఘంటువు తెరవండి. ఊహించి తప్పిన అర్థం సరిదిద్దుకున్నాక గట్టిగా నిలుస్తుంది. ఊహించకుండా చూసిన అర్థం పేజీ తిప్పేసరికి జారిపోతుంది.

మూడవ మెట్టు: పదాలను మూడు కుప్పలు చేయడం

మొత్తం పద్ధతికి ఇదే వెన్నెముక. గీత గీసిన పదాల్లో కొన్ని నేటికీ చెల్లుబాటులో ఉన్న ఉన్నతస్థాయి పదాలు. డిస్‌డెయిన్, ఎక్స్‌పీడియెంట్ వంటివి. కొన్ని కాలం చెల్లినవి. హూసో (whoso, ఎవరైతే), ఆట్ (aught, ఏదైనా) వంటివి. వీటిని గుర్తుపడితే చాలు, నేర్చుకోనవసరం లేదు. ఇక మూడవ కుప్పలో ఉండేవి ఈనాటికీ వాడుకలో ఉన్నా అప్పటి అర్థం వేరుగా ఉన్న పదాలు. తొందరపడే పాఠకుడు వీటికి గీతే గీయడు, ఎందుకంటే అవి తనకు తెలుసుననుకుంటాడు. అసలైన లాభం ఇక్కడే ఉంది.

'వాల్డెన్' రెండవ అధ్యాయంలో, తాను అడవికి ఎందుకు వెళ్లాడో చెప్పే ప్రసిద్ధమైన పేరాను తీసుకోండి. డెలిబరేట్‌లీ జీవించాలని వెళ్లానంటాడు థోరో. మన వార్తాపత్రికల్లో ఆ మాట ఎక్కువగా తప్పులకే తగిలి ఉంటుంది: కావాలనే చేశాడు, ఉద్దేశపూర్వకంగా చేశాడు అన్నట్టు. థోరో చెప్పేది తూచి తూచి, ఎరుకతో బతకడం. ఈ పదానికి లాటిన్‌లో త్రాసును తెలిపే మాటతో, అంటే తులారాశికి ఆంగ్లంలో ఉన్న లిబ్రా అనే పేరుతో, చుట్టరికం చెబుతారు. మన 'తూచి' అనే మాట దానికి ఎంత చక్కగా సరిపోతుందో చూడండి. అదే పేరాలో రిజిగ్నేషన్‌ను అభ్యసించడం తనకు ఇష్టం లేదంటాడు. ఉద్యోగానికి రాజీనామా ఇవ్వడమనే అర్థం ఇక్కడ పొసగదు. వచ్చినదానికి తలవంచి సరిపెట్టుకోవడమే ఇక్కడి భావం. మొదటి అధ్యాయంలో అదే మాట మళ్లీ వస్తుంది. జనం రిజిగ్నేషన్ అని పిలిచేది నిజానికి స్థిరపడిపోయిన నిరాశేనని అక్కడ తేలుస్తాడు. రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చదివితే ఆ పదం పూర్తిగా మీదవుతుంది. జీవితం డియర్ అన్నప్పుడు కూడా ప్రియమైనదన్న అర్థంతో పాటు ఖరీదైనదన్న అర్థం ఉంది. తన ఇంటికైన 28 డాలర్ల పన్నెండున్నర సెంట్ల ఖర్చును పద్దు రాసి చూపిన మనిషి ఆ రెండవ అర్థాన్ని ఊరికే వాడడు. ఆ పద్దు ఉన్న మొదటి అధ్యాయం పేరు ఎకానమీ. అది దేశ ఆర్థికవ్యవస్థ గురించినది కాదు, గృహనిర్వహణ అనే దాని మూల గ్రీకు అర్థానికి దగ్గరగా ఉన్నది.

నాలుగవ మెట్టు: ఒక్క వాక్యాన్ని దగ్గరగా చూడడం

'సెల్ఫ్ రిలయన్స్'లో ఎమర్సన్ కుర్రవాళ్ల గురించి రాసిన వాక్యం ఉంది. భోజనానికి లోటుండదని తెలిసిన పిల్లలకు ఉండే నాన్షలాన్స్, ఎదుటివారిని కన్సిలియేట్ చేయడానికి ఏమైనా చేయడాన్ని గాని అనడాన్ని గాని ఒక ప్రభువులా డిస్‌డెయిన్ చేసే వారి తీరు, మానవ స్వభావానికి ఆరోగ్యకరమైన స్థితి అని దాని సారాంశం. ఒక్క వాక్యంలో మూడు ఉన్నతస్థాయి పదాలు, ఆట్ అనే ఒక కాలం చెల్లిన పదం ఉన్నాయి.

నాన్షలాన్స్ ఫ్రెంచి నుంచి వచ్చింది. దాని మూలంలో వెచ్చదనాన్ని తెలిపే లాటిన్ ధాతువు ఉంది. దేనికీ వేడెక్కకపోవడం, పట్టించుకోకపోవడం దాని భావం. ఈనాటి వాడుకలో దీనికి తరచుగా నిర్లక్ష్యం అనే ఛాయ తగులుతుంది. ఇక్కడ మాత్రం అది పూర్తిగా ప్రశంస, మన నిశ్చింతకు దగ్గరగా ఉన్నది. ఒకే పదం పొగడ్తకూ నిందకూ పనికివస్తుందని జాబితా చెప్పదు.

డిస్‌డెయిన్‌కు చిన్నచూపు అని అర్థం రాసుకుని ఊరుకోకండి. ఈ వాక్యంలో అది క్రియగా వచ్చింది, దాని వెంట 'టు'తో కూడిన క్రియారూపం వచ్చింది. ఫలానా పని చేయడం తన స్థాయికి తగదని తోసిపుచ్చడం అన్నమాట. ఈ నిర్మాణాన్ని గమనించినవారు మాత్రమే దానిని తప్పు లేకుండా రాయగలరు.

కన్సిలియేట్ మనకు అనుకున్నంత దూరపు పదం కాదు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో యాజమాన్యానికీ కార్మికులకూ మధ్య రాజీ కుదిర్చే అధికారిని కన్సిలియేషన్ ఆఫీసర్ అన్నారు. ఎమర్సన్ వాక్యంలో రాజీ అనే అర్థం కుదరదు. మంచి చేసుకోవడం, మచ్చిక చేసుకోవడం కుదురుతుంది. ఒక పదానికి ఒకటే తెలుగు మాట వెతకకుండా, చోటును బట్టి రెండు మూడు మాటలు పక్కపక్కన రాసుకోవాలని ఇందుకే అంటాను.

అదే వ్యాసంలో, లోకం మెచ్చే మంచి పనులను ఎమర్సన్ నిలదీసే చోటు మరింత విలువైనది. కవాతుకు రోజూ హాజరు కానందుకు జుర్మానా కట్టినట్టుగా జనం దానధర్మాలు చేస్తారని, వారి సద్గుణాలన్నీ పెనెన్స్‌లేనని, తనకు కావలసింది ఎక్స్‌పియేట్ చేయడం కాదు, జీవించడమని అంటాడు. ఎక్స్‌పియేషన్, అపాలజీ, ఎక్స్‌టెన్యుయేషన్, పెనెన్స్ ఇక్కడ ఒకే కుటుంబంగా కలిసి వస్తాయి. తప్పు, దానికి సమాధానం, దానికి ప్రాయశ్చిత్తం అనే భావం చుట్టూ ఇవన్నీ తిరుగుతాయి. ఎక్స్‌పియేట్ అంటే ప్రాయశ్చిత్తం చేసుకోవడం. పెనెన్స్ అందుకోసం ఒంటిమీద వేసుకునే కష్టం. ఎక్స్‌టెన్యుయేట్‌లో పలుచన అనే లాటిన్ మాట దాగి ఉంది, తప్పు తీవ్రతను పలుచన చేసి చూపడం దాని పని. శిక్ష తగ్గించడానికి న్యాయస్థానాలు పరిగణించే పరిస్థితులకు ఈనాటికీ ఇదే విశేషణం వాడతారు. అపాలజీ మాత్రం మూడవ కుప్పలోది. ఇక్కడ అది క్షమాపణ కంటే తన పక్షాన చెప్పుకునే సమర్థనకు దగ్గరగా ఉంది. గ్రీకు మూలంలోనూ దాని అర్థం అదే. ఇలా కుటుంబంగా నేర్చుకున్న పదాలు ఒకదానినొకటి గుర్తుచేస్తాయి. ఎక్స్‌పియేట్‌ను ఎక్స్‌పేషియేట్‌తో కలిపేసుకోకండి. రెండవది ఒక విషయం మీద సుదీర్ఘంగా మాట్లాడడం.

ఐదవ మెట్టు: సరైన నిఘంటువులు

ఫోనులోని నిఘంటువు నేటి అర్థాన్ని ముందు చూపుతుంది కాబట్టి మూడవ కుప్ప విషయంలో అది దారి తప్పిస్తుంది. నోవా వెబ్‌స్టర్ 1828లో ప్రచురించిన అమెరికన్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఎమర్సన్, థోరోల కాలపు అమెరికన్ వాడుకను అది చెబుతుంది. ముందు అక్కడ, తరువాత ఏదైనా ఆధునిక నిఘంటువులో చూసి, రెండింటి మధ్య తేడా ఉంటే రాసుకోండి. తెలుగువారికి మరో అరుదైన సాధనం కూడా ఉంది. సి.పి. బ్రౌన్ ఆంగ్ల తెలుగు నిఘంటువు 1850లలో మద్రాసులో అచ్చయింది, అంటే దాదాపు 'వాల్డెన్' కాలం నాటిదే. ఆనాటి ఆంగ్ల పదానికి ఆనాటి తెలుగువారు ఏ మాట అనేవారో అందులో వెతకడం, నా దృష్టిలో, ఈ అభ్యాసం మొత్తంలో అత్యంత ఆనందకరమైన భాగం.

ఆరవ మెట్టు: మూలధాతువుల దాకా వెళ్లడం

ఈ విద్యను ఎమర్సన్ స్వయంగా నేర్పాడు. 'నేచర్'లోని భాషాధ్యాయంలో ఆయన నైతిక భావాలను తెలిపే పదాలన్నీ భౌతిక వస్తువుల నుంచే పుట్టాయంటూ ఉదాహరణలు ఇస్తాడు: రైట్ అంటే సూటిగా ఉన్నది, రాంగ్ అంటే మెలి తిరిగినది, స్పిరిట్ అంటే గాలి, ట్రాన్స్‌గ్రెషన్ అంటే గీత దాటడం, సూపర్‌సీలియస్ అంటే కనుబొమ ఎత్తడం. తెలుగు చదువుకున్నవారికి ఇది కొత్త విద్య కాదు. అతిక్రమణ అనే మాటను విడదీస్తే అందులోనూ ఉన్నది దాటి అడుగు వేయడమే. సూపర్‌సీలియస్ అనే పదాన్ని అహంకారి అని బట్టీ పట్టేకంటే, ఎదుటివాడిని చూసి కనుబొమ ఎగరేసే మనిషిని ఒకసారి ఊహించుకుంటే చాలు.

థోరో ఇంకొక అడుగు ముందుకు వేసి పదాలను విరిచి చూపిస్తాడు. 'వాల్డెన్' చివరి అధ్యాయంలో ఎక్స్‌ట్రావగెంట్ అనే పదాన్ని రెండు ముక్కలు చేసి, తన మాట తగినంతగా హద్దు దాటి తిరగడం లేదేమోనని భయమంటాడు. బయట అనే ముక్కా, తిరుగాడడమనే ముక్కా కలిసి ఆ పదం ఏర్పడింది. కొత్త పచ్చిక వెతుక్కుంటూ వలస పోయే అడవి దున్న కంటే, పాలు పిండే వేళ తపేలా తన్నేసి, దొడ్డి కంచె దూకి దూడ వెంట పరుగెత్తే ఆవే నిజమైన ఎక్స్‌ట్రావగెంట్ అని ఆయన ఇచ్చే పోలిక ఆ పదాన్ని మరచిపోనివ్వదు. దుబారా ఖర్చు అనే నేటి అర్థం ఆ హద్దు దాటడంలోంచే వచ్చింది.

అయితే థోరో చెప్పిన ప్రతి వ్యుత్పత్తినీ నమ్మకండి. 1862లో వెలువడిన 'వాకింగ్' వ్యాసంలో సాంటర్ (తీరిగ్గా నడవడం) అనే పదం పుణ్యభూమికి యాత్ర వెళ్లేవారి నుంచి పుట్టిందని ఆయన ముచ్చటగా చెబుతాడు. భాషావేత్తలు దానిని అంగీకరించరు, ఆ పదం పుట్టుక ఇంకా తేలలేదు. కథను కథగా ఆస్వాదించి, పుస్తకంలో మాత్రం నిఘంటువు చెప్పినదే రాసుకోండి.

ఏడవ మెట్టు: రాతపుస్తకం, తిరుగు అనువాదం

ఎమర్సన్ యౌవనం నుంచి దినచర్య రాస్తూ, దానికి విషయసూచికలు తయారుచేసుకుని, వ్యాసాలకు కావలసిన ముడిసరుకును అందులోంచే తీసుకునేవాడు. థోరో 1837 అక్టోబర్‌లో తన దినచర్య మొదలుపెట్టాడు. మీ పుస్తకానికి కూడా సూచిక ఉండాలి. ఒక పేరా నుంచి నాలుగైదు పదాలకు మించి ఎక్కించకండి. ప్రతి పదానికి మూలవాక్యాన్ని పూర్తిగా చేత్తో ఎత్తి రాయండి. దాని కింద ఆ పదం వాక్యంలో చేసే పని, దాని జత పదం, పొగడ్తా నిందా, చోటుకు తగిన తెలుగు మాటలు, చివరగా మీ బతుకుకు సంబంధించిన ఒక సొంత వాక్యం రాయండి. మరునాడు, వారానికి, నెలకు పదాన్ని మూసి ఉంచి మూలవాక్యంలోని ఖాళీని పూరించుకోండి.

తిరుగు అనువాదం దీనికంటే కష్టమైనది, ఫలితమూ దానికి తగ్గట్టే ఉంటుంది. ఒక వాక్యాన్ని తెలుగు చేసి, వారం ఆగి, మూలం చూడకుండా మళ్లీ ఆంగ్లంలోకి మార్చి, రచయిత వాక్యంతో పోల్చండి. దీనికి 'వాల్డెన్'లో శీతకాలపు చెరువు గురించిన అధ్యాయం మంచిది. చార్లెస్ విల్కిన్స్ 1785లో చేసిన భగవద్గీత ఆంగ్లానువాదాన్ని థోరో చదివాడు. ఆ అధ్యాయంలో, ఉదయాన్నే తన బుద్ధిని గీతలోని స్టుపెండస్, కాస్మోగొనల్ తత్త్వంలో స్నానం చేయిస్తానని, దాని ముందు ఆధునిక ప్రపంచమూ దాని సాహిత్యమూ ప్యూనీగా, ట్రివియల్‌గా కనిపిస్తాయని అంటాడు. ఒక పక్క రెండు మహత్తర విశేషణాలు, మరో పక్క రెండు అల్పత్వపు విశేషణాలు, మధ్యలో పోలిక. తిరుగు అనువాదంలో చాలామంది స్టుపెండస్ స్థానంలో గ్రేట్ అనీ, ప్యూనీ స్థానంలో స్మాల్ అనీ రాస్తారు. అప్పుడు మూలాన్ని చూస్తే, వాక్యం ఎంత చప్పబడిందో కళ్లకు కడుతుంది. కాస్మోగొనల్ అంటే సృష్టి పుట్టుకకు చెందినది. ప్యూనీ ఫ్రెంచిలో తరువాత పుట్టిన అనే మాట నుంచి వచ్చింది. హైకోర్టులో ప్రధాన న్యాయమూర్తి కాని న్యాయమూర్తులకు వాడే ప్యూనీ జడ్జి అనే పేరు కూడా అక్కడిదే, స్పెల్లింగు మాత్రం వేరు.

ఆ అధ్యాయం చివర మరో పదం మనకోసమే ఉన్నట్టుంటుంది. వాల్డెన్ చెరువులో కోసిన మంచుగడ్డలు ఓడలెక్కి మద్రాసు, బొంబాయి, కలకత్తా చేరతాయని, స్వెల్టరింగ్ అయిన అక్కడి జనం తన బావి నీళ్లే తాగుతున్నారని థోరో రాస్తాడు. అమెరికా మంచును దాచిన ఐస్ హౌస్ చెన్నై మెరీనా ఎదుట నేటికీ ఉంది. ఉక్కపోతకు అల్లాడడమనే ఆ పదాన్ని మే నెలలో చదివిన తెలుగువారికి వేరే వివరణ అక్కరలేదు.

వాడవలసినవి, వాడకూడనివి

విశ్వవిద్యాలయ దరఖాస్తుకు రాసే ఉద్దేశ ప్రకటనలోనో, ఆఫీసు నివేదికలోనో హూసో, ఆట్, మీథింక్స్ (methinks, నాకు తోస్తోంది) వంటి మాటలు దొర్లితే ఎబ్బెట్టుగా ఉంటుంది. చెల్లుబాటులో ఉన్న పదాలను కూడా పేరాకు ఒకటికి మించి కొత్తవి దించకండి. కొత్తగా నేర్చిన పదాన్ని సొంత రచనలో వాడేముందు నేటి పత్రికల్లో అది కనీసం రెండు మూడు వాక్యాల్లో ఎలా వచ్చిందో చూడండి. థోరో శాసనోల్లంఘన వ్యాసం ప్రారంభంలో ప్రభుత్వం మహా అయితే ఒక ఎక్స్‌పీడియెంట్ అని, కానీ చాలా ప్రభుత్వాలు తరచుగా ఇన్‌ఎక్స్‌పీడియెంట్ అని అంటాడు. అక్కడ మొదటిది నామవాచకం, పని జరగడానికి ఉన్న ఉపాయం, రెండవది విశేషణం. నేటి రాజకీయ వ్యాసాల్లో అదే పదం ధర్మం పక్కన పెట్టి అవసరానికి చేసిన పని అనే నిందగా ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండు వాడుకలూ మీ పుస్తకంలో పక్కపక్కన ఉన్నాకనే ఆ పదాన్ని రాతలోకి తీసుకోండి.

వారానికి నాలుగు పేరాల చొప్పున సాగితే పుస్తకంలో పదాలు నిదానంగానే పెరుగుతాయి, కానీ పెరిగినవి నిలుస్తాయి. 'సెల్ఫ్ రిలయన్స్' పూర్తయ్యాక మార్గరెట్ ఫుల్లర్ వైపు వెళ్లండి. ఎమర్సన్‌తో కలిసి నడిపిన 'డయల్' పత్రికలో 1843లో రాసిన వ్యాసాన్ని విస్తరించి, ఆమె 1845లో స్త్రీల స్థితిగతుల మీద పుస్తకంగా ప్రచురించింది. ఆమె వాక్యాలు పొడవైనవి, పురాణ ప్రస్తావనలతో నిండినవి. ఒక పూర్తి పేరాకు బదులు మూడు నాలుగు వాక్యాలతో మొదలుపెట్టి, ముందుగా ప్రతి వాక్యంలో ప్రధాన క్రియను వెతికి గీత గీసి, ఆ తరువాతనే పదాల జోలికి వెళ్లండి.